ఒడియా పూజలో సత్ప్రసాదం: వరుసలో నిలబడే ముందు, నిలబడ్డాక

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబం. జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే పల్చటి రొట్టె, అంటే అప్పం, తీసుకోవడం), భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అన్నీ మా ఊళ్లోనే అయ్యాయి. పెళ్లయి పదేళ్లు, అప్పట్నుంచీ రాయగడలోనే ఉంటున్నాను. పెళ్లి మా ఆయన వాళ్ల లూథరన్ చర్చిలో జరిగింది. ఇన్నాళ్లూ వాళ్లతోనే ఆరాధనకు వెళ్లాను. బాబుకి ఎనిమిదేళ్లు వచ్చాయి, వాణ్ని తీసుకుని మన కతోలిక గుడికి వెళ్లాలని ఉంది. మా ఆయన కూడా వస్తానంటున్నారు. అక్కడ పూజ ఒడియాలో, నాకు బజారు ఒడియా తప్ప రాదు. సత్ప్రసాదానికి ఎప్పుడు లేవాలి? చేతిలో తీసుకోవాలా, నాలుక మీదా? మా ఆయన తీసుకోవచ్చా? నాకు షుగర్, పొద్దున్నే మాత్ర వేసుకుని ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఉపవాసం ఎలా? బాబుకి ఎప్పుడు ఇప్పించాలి? మా అత్తగారేమో "మన చర్చిలో ప్రభువు బల్ల ఉండగా అక్కడికెందుకు" అంటున్నారు.
- ఒక సోదరి, రాయగడ

జవాబు:

సోదరీ, మీరు అన్నిటికన్నా ఎక్కువ బెంగపడుతున్నది చేయా, నాలుకా అన్నదాని గురించి. అది రెండు నిమిషాల్లో నేర్చుకునే పని. పెళ్లి సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. ముందు తేలాల్సింది అదే. అది తేలకుండా ఈ ఆదివారమే వరుసలో నిలబడకండి.

కతోలికుల పెళ్లి గురువు ముందు, ఇద్దరు సాక్షుల ఎదుట జరగాలన్నది సభ నియమం. వేరే చర్చిలో జరగాలంటే ముందుగానే పీఠాధిపతి (బిషప్) దగ్గర రెండు తీసుకోవాలి. కతోలిక సభలో లేని క్రైస్తవుణ్ణి చేసుకోవడానికి అనుమతి ఒకటి, మన పద్ధతిలో కాకుండా వేరే పద్ధతిలో చేసుకోవడానికి మినహాయింపు ఒకటి. ఆ రెండూ తీసుకుని ఉంటే లూథరన్ చర్చిలో జరిగినా మీ పెళ్లి చెల్లుతుంది. అప్పుడు పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకుని నేరుగా సత్ప్రసాదానికి వెళ్లొచ్చు. తీసుకోకపోతే మాత్రం సభ లెక్కలో ఆ పెళ్లి ఇంకా చెల్లుబాటు కాలేదు. అది సరిచేసుకునేదాకా సత్ప్రసాదం తీసుకోకూడదు. పాపసంకీర్తనానికి వెళ్లినా, ముందు ఈ సంగతి చూసుకుని రమ్మనే ఫాదర్ చెబుతారు.

అప్పట్లో అనుమతి తీసుకున్నారో లేదో మీకు గుర్తులేకపోవచ్చు, పెద్దవాళ్లు చూసుకుని ఉండొచ్చు. తెలుసుకునే దారి సులువు. జ్ఞానస్నానం పొందిన విచారణకు (పారిష్ గుడికి) రాసి, కొత్తగా జ్ఞానస్నాన పత్రం తెప్పించుకోండి. ఇంట్లో పెట్టెలో ఉన్న పాతది పనికిరాదు. సాధారణంగా ఆరు నెలల లోపు ఇచ్చిన పత్రమే అడుగుతారు. ఎందుకంటే భద్రమైన అభ్యంగనం, పెళ్లి లాంటివన్నీ తర్వాత్తర్వాత ఆ జ్ఞానస్నాన రిజిస్టరులోనే మీ పేరు పక్కన ఎక్కిస్తారు. అనుమతితో జరిగిన పెళ్లయితే ఆ వివరం అక్కడ ఉండాలి. పెళ్లి గడి ఖాళీగా ఉంటే చాలామటుకు అనుమతి లేనట్టే. ఒక్కోసారి ఇక్కణ్ణించి కబురు అందక ఎక్కించకపోవడమూ ఉంటుంది కాబట్టి, అప్పటి విచారణ గురువు ఏమైనా కాగితం పంపారేమో కూడా అదే ఉత్తరంలో అడగండి.

లేదని తేలినా కంగారు పడాల్సిన పని కాదు. మళ్లీ పందిళ్లు, మేళాలు అక్కర్లేదు. విచారణ గురువు, ఇద్దరు సాక్షులు, మీరిద్దరూ ఉంటే చాలు. మామూలు రోజు సాయంత్రం కూడా చేస్తారు. మీరు, మీ ఆయన పెళ్లి అంగీకారాన్ని గురువు ముందు కొత్తగా చెబుతారు, అంతే. మీ ఆయన కతోలికుడు కానక్కర్లేదు. ఆ రోజు పాతపెళ్లిని కొట్టేసినట్టూ కాదు, బాబు పుట్టుకకు ఏ మచ్చా రాదు, రిజిస్ట్రారు ఇచ్చిన సర్టిఫికెట్టు అలాగే ఉంటుంది. "ఒకసారి చేసుకున్న పెళ్లి మళ్లీ చేసుకోవడమేంటి" అని మీ ఆయనో, అత్తగారో మొరాయించారనుకోండి, దానికీ దారి ఉంది. ఇద్దరికీ కలిసి బతకాలన్న అంగీకారం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంటే, కొత్తగా ఏమీ చెప్పించకుండానే పీఠాధిపతి ఆ పెళ్లిని మొదట్నుంచీ చెల్లేట్టు చేయగలరు. ఈ రెండో దారి గురించి ఫాదర్‌లు తమంతట తాము చెప్పకపోవచ్చు. అవసరమైతే మీరే అడగండి.

పట్టుకెళ్లాల్సిన కాగితాలు ఇవి: మీ జ్ఞానస్నాన పత్రం, మీ ఆయనకు లూథరన్ చర్చి ఇచ్చిన జ్ఞానస్నాన పత్రం, పెళ్లి సర్టిఫికెట్టు, ఇద్దరి ఆధార్ నకళ్లు. మీ ఇద్దరికీ అంతకుముందు పెళ్లి కాలేదని చెప్పగల ఇద్దరు తెలిసినవాళ్లు కూడా కావాలి. ఒకవేళ ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లి అయి ఉంటే వ్యవహారం పూర్తిగా వేరు, ఆ మాట మొదటిరోజే ఫాదర్‌తో చెప్పేయాలి. పిల్లల్ని కతోలిక విశ్వాసంలో పెంచడానికి నా శక్తి మేరకు ప్రయత్నిస్తానని మీరు మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు మీ ఆయనకు తెలియాలి. ఆయన చేత సంతకం పెట్టించుకుని లొంగదీయడం లాంటిదేమీ ఉండదు. ఇక కాగితాలు వెళ్లేది ఎక్కడికంటే, 2016లో రాయగడను బరంపురం నుంచి విడదీసి వేరే మేత్రాసనం (బిషప్ పరిధి) చేశారు కాబట్టి మీవి ఇక్కడి పీఠాధిపతి కార్యాలయానికే. పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్లవైతే ఇప్పటికీ బరంపురం మేత్రాసనానికే.

ఆదివారం పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఫాదర్‌ని పట్టుకుని ఇదంతా చెప్పబోకండి. ఆయన చుట్టూ పదిమంది ఉంటారు, మీరు సగం చెబుతారు, ఆయన సగం వింటారు. వారం మధ్యలో ఫోన్ చేసి, విచారణ ఆఫీసులో అరగంట కావాలని అడిగి, కాగితాలతో వెళ్లండి.

ఈలోగా గుడికి రావడం మానకండి. ఆదివారం పూజకు రావాల్సిన బాధ్యత సత్ప్రసాదం తీసుకునేవాళ్లకే కాదు, మీకూ ఉంది. అందరూ వరుసలోకి వెళ్తున్నప్పుడు బెంచీలోనే మోకాళ్ల మీద ఉండి, క్రీస్తును రమ్మని మనసులో అడగండి. ఆధ్యాత్మిక సత్ప్రసాదం అని మన పెద్దవాళ్లు చేసుకునేది ఇదే. లేవలేదేమని పక్కవాళ్లు చూస్తారన్న బెంగ వద్దు. తిన్నది గంట కాకపోవచ్చు, పాపసంకీర్తనం కాకపోవచ్చు, లేవనివాళ్లు ప్రతి పూజలోనూ ఉంటారు.

పెళ్లి సరిచేసుకున్న రోజునే, లేదా ఆ దగ్గర్లోనే పాపసంకీర్తనం పెట్టుకోండి. పదేళ్ల సంగతి కాబట్టి ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఆలోచించుకోండి. చావైన పాపాలు, అంటే ఘోరమైనవి, గుర్తున్నంతవరకు, ఏ రకం, సుమారు ఎన్నిసార్లు అన్నది చెబితే చాలు, కథలక్కర్లేదు. భాష సంగతి కూడా కష్టమేమీ కాదు. ఒడియా, ఇంగ్లీషు, హిందీ మూడూ మీకు సరిగా రాకపోతే దుబాసీ పెట్టుకోవడానికి సభ నియమమే ఒప్పుకుంటుంది. అలా కూర్చున్న మనిషి కూడా రహస్యం కాపాడాల్సిందే. మూడో మనిషి ముందు నోరు పెగలదంటే రాయగడ నుంచి విజయనగరం వైపు రైలెక్కండి, తెలుగు ఫాదర్ దొరుకుతారు. ఏళ్ల తర్వాత చేసుకునే పాపసంకీర్తనం సొంత భాషలో చేసుకోవడమే మేలు. తర్వాతివి ఇక్కడే వచ్చీరాని ఒడియాలో సాగిపోతాయి.

మీ ఆయన విషయం. తీసుకోకూడదు. ఆయన జ్ఞానస్నానాన్ని సభ పూర్తిగా గుర్తిస్తుంది, నీళ్లతో, తండ్రి కుమార పవిత్రాత్మల పేరిట ఇచ్చింది కాబట్టి రేపు ఆయన కతోలిక సభలోకి వచ్చినా మళ్లీ ఇవ్వరు. కానీ సత్ప్రసాదం తీసుకోవడం అంటే ఆ విశ్వాసంలో, ఆ సభలో పూర్తిగా ఉన్నానని అందరి ముందు చెప్పడం. ఆయన అక్కడ లేరు. "మా చర్చిలోనూ క్రీస్తు నిజంగానే ఉన్నాడని నమ్ముతాం కదా" అని ఆయన అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. లూథరన్లు మిగతా చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లా దీన్ని ఉత్త జ్ఞాపకార్థంగా చూడరు. అయినా రొట్టె రొట్టెగానే ఉంటూ దానితోపాటు క్రీస్తు ఉంటాడన్నది వాళ్ల బోధ, రూపం తప్ప రొట్టె ఇక మిగలదన్నది మన బోధ. గురుత్వం, అంటే గురువులకిచ్చే అభిషేకం విషయంలోనూ తేడా ఉంది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో రెండు సభలూ మనిషి దేవుని ముందు నీతిమంతుడుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి గానీ, బల్ల దగ్గర మాత్రం ఇంకా కలవలేదు. ప్రాణాపాయంలో, లేదా పీఠాధిపతి తీవ్రమైన అవసరమని ఒప్పుకున్నప్పుడు మాత్రమే ప్రొటెస్టెంటు క్రైస్తవుడికి ఇవ్వొచ్చు. అప్పుడు కూడా తన పాస్టరు అందుబాటులో లేకపోవాలి, తనంతట తానే అడగాలి, సత్ప్రసాదం గురించి మన విశ్వాసమే తనదీ అయి ఉండాలి. బాబు మొదటి సత్ప్రసాదం పండుగ ఆ లెక్కలోకి రాదు.

ఆయన బెంచీలో కూర్చుంటే అందరికీ తేలిక. కొన్ని గుళ్లలో సత్ప్రసాదం తీసుకోనివాళ్లు రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా, కుడిచెయ్యి ఎడమ భుజానికి, ఎడమచెయ్యి కుడి భుజానికి పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవిస్తారు. ఈ అలవాటు అన్నిచోట్లా లేదు. లేనిచోట అలా వెళ్తే ఫాదర్‌కి అర్థంకాక నోటి దగ్గరకు అప్పం తెస్తారు, మీ ఆయన మొహమాటానికి నోరు తెరుస్తారు. ముందు అడిగి, అక్కడ అలా చేస్తారని తెలిస్తేనే వెళ్లమనండి.

ఇదే న్యాయం ఇటువైపూ వర్తిస్తుంది, ఇది మీకు కొంచెం కష్టంగా ఉంటుంది. అత్తగారి చర్చిలో సంస్కారపు ఆదివారం మీరు బల్లలో పాలు తీసుకోకూడదు. ఆ ఆరాధనకు వెళ్లొచ్చు, పాడొచ్చు, ప్రార్థన చేయొచ్చు, వాక్యం వినొచ్చు. గిన్నె మీదాకా వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపితే పదిమందిలో అత్తగారిని చిన్నబుచ్చినట్టుంటుంది. అందుకని ముందురోజే ఇంట్లో చెప్పండి: "అత్తయ్యా, అక్కడ ఆయన తీసుకోరు, ఇక్కడ నేను తీసుకోను, ఇద్దరిదీ ఒకటే లెక్క" అని. కోరాపుట్, రాయగడ ప్రాంతంలో లూథరన్ కుటుంబాలవి మూడు నాలుగు తరాల విశ్వాసం. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి 1882లో వచ్చిన మిషనరీలతో మొదలైన సంఘం అది. మీరు చేస్తున్నది వాళ్లదాన్ని తక్కువ చేయడం కాదని ఆవిడకు ఒక్కసారి కాదు, నాలుగుసార్లు చెప్పాల్సి రావచ్చు. ఇన్నాళ్లూ అక్కడ తీసుకుని ఉంటే పాపసంకీర్తనంలో ఒక మాట చెప్పండి, చాలు.

ఇక గుడిలో.

భాష రాకపోయినా పూజ వరస ఎక్కడైనా ఒకటే. ఆ రోజు పఠనాలు కూడా అవే, ఇంట్లో ఫోనులో తెలుగులో చదువుకుని వెళ్తే ప్రసంగం కూడా సగం అర్థమవుతుంది. గుణుపురం వైపు కొన్ని ఊళ్లలో ఒడియా కూడా కాదు, సవర పాటలే వినిపిస్తాయి. అక్కడైనా ఇదే వరస. గంట కొట్టి, ఫాదర్ అప్పాన్ని, తర్వాత పాత్రను పైకెత్తడం నడిమి భాగం. ఆ తర్వాత అందరూ నిలబడి పరలోక జపం చెబుతారు, రాగాన్నిబట్టి కూడా తెలుస్తుంది. తర్వాత ఒకరికొకరు చేతులు జోడించి శాంతి చెప్పుకోవడం. తర్వాత ఫాదర్ పెద్ద అప్పాన్ని విరుస్తూ ఉండగా "దేవుని గొర్రెపిల్ల" పాట. విరిచిన అప్పాన్ని ఎత్తి చూపించాక "ప్రభువా, నేను యోగ్యుణ్ణి కాను" అన్న ప్రార్థన అందరూ చెబుతారు, మీరు తెలుగులో నెమ్మదిగా చెప్పుకోండి. ముందు ఫాదర్ తీసుకుంటారు. ఆయన పాత్ర పట్టుకుని మెట్లు దిగాక లేవండి, అంతకుముందు కాదు.

లోపలికి వెళ్లగానే గమనించాల్సినవి రెండు. చాలా గుళ్లలో చెప్పులు బయటే, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు కూర్చుంటారు, వరుసలు కూడా అలాగే వేరువేరుగా కదులుతాయి. బెంచీలు లేనిచోట ముందు కూర్చున్నవాళ్లు ముందు లేస్తారు. తొలిసారి మరీ ముందు కూర్చోకుండా, మూడో నాలుగో వరుసలో కూర్చుంటే మీ ముందువాళ్లు చేతిలో తీసుకుంటున్నారో నాలుక మీదో కనబడుతుంది. నాలుక మీద తీసుకునే హక్కు ఎక్కడైనా, ఎప్పుడైనా ఉంది. చేతిలో ఇవ్వడం ఆ మేత్రాసనంలో ఒప్పుకుంటేనే. సందేహంగా ఉంటే నాలుక మీద తీసుకోండి, తప్పు పట్టేవాళ్లుండరు.

వరుసలోకి వెళ్లేటప్పుడు చేతుల్లో ఏమీ ఉండకూడదు. ఫోను, పాటల పుస్తకం, బాబు నీళ్ల సీసా బెంచీలోనే. చేతులు జోడించుకుని నడవండి. మీ ముందున్న మనిషి తీసుకుంటుండగా తలవంచి నమస్కరించండి. మీ వంతు వచ్చాక వంగితే ఫాదర్ చెయ్యి, మీ నుదురు ఢీకొంటాయి, పాత్ర మీద దెబ్బ తగలడం ఇలాంటప్పుడే.

ఫాదర్ అప్పాన్ని కొంచెం ఎత్తి చూపించి "క్రీస్తు శరీరం" అంటారు, ఏ భాషలో అన్నా మీ జవాబు ఒక్కటే, "ఆమెన్". వినబడేలా చెప్పండి. థాంక్స్ చెప్పేవాళ్లు, ఆయన మాటనే తిరిగి అనేవాళ్లు, ఏమీ అనకుండా నోరు తెరిచేసేవాళ్లు ఉంటారు. ముందు ఆమెన్, తర్వాతే నోరు. రెండూ కలిపేస్తే ఆమెన్ అంటూ ఊపిరి వదిలినప్పుడు పల్చటి అప్పం ఫాదర్ వేళ్ల మధ్య నుంచి కదిలిపోతుంది.

నాలుక మీదైతే: దగ్గరగా నిలబడి, తల కొంచెం వెనక్కి ఎత్తి, నోరు బాగా తెరిచి, నాలుకను కింది పెదవి మీదికి చాపి ఉంచండి. కదలకండి. అప్పాన్ని అందుకోవడానికి తల ముందుకు తేవడం, పెదవులతో పట్టుకోబోవడం, ఫాదర్ వేళ్లు వెనక్కి వెళ్లకముందే నోరు మూసేయడం, ఈ మూడింటివల్లే ఇబ్బంది అంతా. సగం తెరిచిన నోట్లో పెట్టాలంటే ఆయన వేళ్లు మీ పళ్లకు, పెదాలకు తగులుతాయి. తర్వాతి మనిషికి అదే చెయ్యి కదా. గడ్డం కింద ఒక అబ్బాయి పళ్లెం పట్టుకుంటే దాన్ని మీరు పట్టుకోవక్కర్లేదు, తోయక్కర్లేదు.

చేతిలో తీసుకునేచోట మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. ప్రసాదం ఏదైనా కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి తీసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అలాగే తీసుకుంటే అప్పం కుడి అరచేతిలో ఉంటుంది, దాన్ని నోట్లో పెట్టుకోవడానికి ఎడమ వేళ్లు వాడాల్సి వస్తుంది, అప్పుడు మనసు ఒప్పుకోక చెయ్యి మార్చబోతారు, అక్కడ పడిపోతుంది. ఇప్పుడు ఎక్కువ గుళ్లలో నేర్పేది దీనికి తలకిందులు: ఎడమ అరచెయ్యి పైన, కుడిచెయ్యి దానికి ఆసరాగా కింద. ఎడమ అరచేతిలో పెట్టగానే కుడి చేతి బొటనవేలు, చూపుడువేలుతో తీసుకుని నోట్లో పెట్టుకుంటారు. నాలుగో శతాబ్దంలో యెరూషలేములో పీఠాధిపతి పునీత సిరిల్ పేరిట వచ్చిన ఉపదేశంలో మాత్రం ఎడమచెయ్యిని కుడిచేతికి సింహాసనం చెయ్యండి అని ఉంది, అంటే మన అలవాటుకే దగ్గర. అలా కుడి అరచేతిలోనే తీసుకుని, చెయ్యి మార్చకుండా అరచేతినే నోటిదాకా ఎత్తి తీసుకున్నా తప్పు లేదు. ఏదో ఒకటి ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి, ఫాదర్ ముందు నిలబడి చేతులు మార్చకండి. ఎడమచేతిలో తీసుకోవడం ఎంతకీ మింగుడుపడకపోతే నాలుక మీదే తీసుకోండి.

అరచేతులు ఛాతీ ఎత్తులో, చదునుగా ఉండాలి. నడుము దగ్గర పెడితే ఫాదర్ వంగాలి, దోసిలిలా ముడిస్తే అప్పం సందులో ఇరుక్కుంటుంది. వేళ్లతో గాలిలో అందుకోబోకండి, అరచేతిలో పెట్టేదాకా ఆగండి. మే నెల ఉక్కలో అరచేతుల చెమటకు అప్పం అంటుకుంటుంది, వరుసలో ఉండగానే చేతిరుమాలుతో తుడుచుకోండి. తీసుకున్నాక ఒక అడుగు పక్కకు వేసి, ఫాదర్‌కి కనబడేలా అక్కడే నోట్లో పెట్టుకోవాలి. చేతిలో పట్టుకుని బెంచీదాకా నడిచారంటే వెనక నుంచి ఎవరో ఒకరు పరుగున వస్తారు, రావాలి కూడా. మంచాన ఉన్న అమ్మకనో, బయట నిలబడ్డ అన్నకనో తీసుకెళ్లడం కుదరదు. జబ్బుగా ఉన్నవాళ్లుంటే ఫాదర్‌తో చెబితే ఇంటికి తెస్తారు. చివరగా అరచేతిని చూసుకోండి. పొడిలాంటి ముక్క కనబడితే నాలుకతో తీసుకోవాలి, దులిపేయకూడదు. చంకన బిడ్డ ఉన్నవాళ్లు, చేతికి కట్టు ఉన్నవాళ్లు నాలుక మీదే తీసుకోవడం క్షేమం, ఒంటిచేత్తో తీసుకోబోతే పడుతుంది. కొన్ని పండుగ పూజల్లో అప్పాన్ని ద్రాక్షారసంలో ముంచి ఇస్తారు, అది నాలుక మీదే. మీ చేతిలోది మీరే పాత్రలో ముంచడం నిషేధం.

అప్పం పడితే? కదలకండి, కాలు వెయ్యకండి, అంతే. ఫాదర్ వంగి తీసుకుంటారు, ఆ చోటు తర్వాత ఎలా శుభ్రం చేయాలో ఆయనకు తెలుసు. మీకు వేరేది ఇస్తారు. ఏడవాల్సిన పని కాదు.

నోట్లో పెట్టుకున్నాక అంగిలికి అంటుకోవడం మామూలే. గోధుమపిండి, నీళ్లు తప్ప ఇంకేమీ లేని పల్చటి అప్పం కదా, ఎండిన నోట్లో పట్టేసుకుంటుంది. వేలు పెట్టి తీయబోకండి, నాలుకతో నెమ్మదిగా కదుపుతూ ఉమ్మితో నాననిస్తే దానంతటదే కరిగిపోతుంది. పన్ను తగిలితే పాపమని మన పెద్దవాళ్లు భయపెట్టేవారు, అలాంటి నియమమేదీ లేదు. ఆకారం చెడకుండా ఉన్నంతసేపు క్రీస్తు అందులో ఉన్నాడన్నది మన విశ్వాసం కాబట్టి, కొద్దిసేపైనా మాటలు పెట్టుకోకుండా కూర్చోవడం మర్యాద. వరుసలోంచి అటే గుమ్మం దాటి ఆటో ఎక్కేవాళ్లను చూసి నేర్చుకోకండి.

ఉపవాసం గురించి మీ భయం అక్కర్లేనిది. మన అమ్మమ్మల కాలంలో అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. 1953లో నీళ్లకు మినహాయింపు వచ్చింది, 1957లో మూడు గంటలకు తగ్గించారు, 1964లో ఒక గంట చేశారు. ఆ గంట పూజకు ముందు కాదు, సత్ప్రసాదానికి ముందు. ఏడు గంటల పూజలో సత్ప్రసాదం ముప్పావు గంటకు అయితే ఆరూ ముప్పావుదాకా తినొచ్చు. నీళ్లు, మందులు ఎప్పుడైనా సరే. టీ, కాఫీ, పాలు మాత్రం తిండి కిందే లెక్క. వృద్ధులకు, జబ్బు ఉన్నవాళ్లకు, వాళ్లను కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఆ గంట నియమం కూడా లేదు. మాత్ర వేసుకుని ఇడ్లీ తినాల్సిన షుగర్ మనిషి తినే రావాలి. గుడిలో కళ్లు తిరిగి పడితే ఎవరికి పుణ్యం? ఫాదర్ ఒకే ఆదివారం రెండు మూడు ఊళ్లు తిరిగే చోట ఎనిమిదికన్న పూజ పదింటికి మొదలవుతుంది, అక్కడ ఖాళీ కడుపుతో కూర్చోవడం మరీ ప్రమాదం, సంచిలో బిస్కెట్లు పెట్టుకోండి. ఇక్కడి ఆడవాళ్లలో పొద్దున్నే గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) పెట్టుకునే అలవాటు, వక్కాకు నమిలే అలవాటు ఉంది. ఉపవాసం చెడిందా లేదా అని లెక్కలు కట్టడం మాని, గంట ముందే మానేసి, నోరు పుక్కిలించుకుని రమ్మని చెప్పండి.

బాబు సంగతి. వాడి జ్ఞానస్నానం ఎక్కడైందో మీరు రాయలేదు. లూథరన్ చర్చిలో అయి ఉంటే మళ్లీ ఇవ్వరు, సభలోకి స్వీకరించే చిన్న క్రమం ఉంటుంది. దానికి తండ్రి ఒప్పుకోలు కూడా ఉంటేనే ఇంట్లో శాంతి. అసలు అవకపోయి ఉంటే ముందు అదే. వయసుకేమీ అడ్డంకి లేదు. మంచిచెడులు తెలిసే వయసు, అంటే ఏడేళ్ల చుట్టుపక్కల వచ్చినవాళ్లకు ఇవ్వొచ్చని పదో భక్తినాథ పాపుగారు (పోప్ పదో పయస్) 1910లోనే తేల్చారు. మామూలు రొట్టెకూ, దీనికీ తేడా తెలియాలి, భక్తితో తీసుకోగలగాలి. ముందు పాపసంకీర్తనం చేయించాలి. సిస్టర్లు నేర్పే తరగతులు మొదలయ్యేది ఎప్పుడో కనుక్కుని ఈ ఏడే చేర్పించండి. అవి ఒడియాలో జరుగుతాయి, బడికి వెళ్లే పిల్లాడికి అది మీకన్నా బాగా వచ్చి ఉంటుంది. ప్రార్థనలు మాత్రం ఇంట్లో తెలుగులో మీరే నేర్పండి. అసలు రోజుకు ముందు, పూజలో వాడని మామూలు అప్పాలతో సిస్టర్లు రెండుమూడుసార్లు సాధన చేయిస్తారు. వాడి రుచి భయం అక్కడే పోతుంది. మీ పెళ్లి కాగితాలు తేలేదాకా వాణ్ని ఆపక్కర్లేదు, రెండూ ఒకేసారి మొదలుపెట్టొచ్చు. ఊరికి రాసే ఉత్తరంలో మీ జ్ఞానస్నానం తేదీ, తల్లిదండ్రుల పేర్లు, మీ పేరు అప్పట్లో రిజిస్టరులో ఎలా రాయించారో అలాగే రాయండి. పునీతుల పేరు ఒకటి, బడిలో పేరు ఇంకొకటి అయితే వెతకడం అక్కడే ఆగిపోతుంది.